హేడిస్ తరఫు మనిషి

మొన్న బుధవారం ఉదయం ఏడూ పదికి ఎదురింటి వరండాలో నిలబడి ఇద్దరు మనుషులు కాఫీ తాగారు. ఫ్లాస్కు నాదే. ఆ ఇంటి పెద్దావిడ తెల్లవారుతుండగా పోయారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి చుట్టుపక్కల వాళ్ళం కాఫీలూ టిఫిన్లూ పట్టుకెళ్తాం. నీలం చొక్కాలు వేసుకున్న ఆ ఇద్దరూ ఫ్రీజర్ బాక్సు తెచ్చి హాల్లో దించారు. ప్లగ్గు పెట్టి, పెద్దావిడను అందులో పడుకోబెట్టి బయటికి వచ్చారు. నేను గ్లాసులు అందించాను, తీసుకున్నారు. పంచదార కాస్త తగ్గిందండి అని ఒకాయన అన్నారు కూడా.

అందులో తప్పేమీ లేదు. పొద్దున్నే బరువు మోసినవాళ్ళు కాఫీ తాగారు, అంతే. కానీ ఖాళీ ఫ్లాస్కుతో ఇంటికి వచ్చాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

మా వీధికి ఇంతకు ముందు ఆ బాక్సు తెచ్చే మనిషి వేరు. ఆయన పోయి ఏడాది దాటింది. పేరు రాయను. ఆయన బతికుండగా కూడా ఆ పేరు పలికినవాళ్ళు తక్కువ. "బాక్సాయన" అనేవారు. ఆయన నంబరు ఏదో ఒక రోజున అందరికీ కావలసిందే, కానీ ఎవరి ఫోనులోనూ ఉండేది కాదు. అవసరం పడినప్పుడు ఒకరినొకరు అడిగి తీసుకునేవారు, పని అయ్యాక చెరిపేసేవారు. గ్రీకులు కూడా పాతాళాన్ని ఏలే తమ దేవుణ్ణి పేరు పెట్టి పిలవడానికి భయపడేవారని, 'సంపన్నుడు' అనో 'అందరినీ చేర్చుకునేవాడు' అనో చాటుగా అనుకునేవారని ఒకసారి ఆయనతో చెప్పాను.

"అయితే మనకి పెద్ద కంపెనీయే ఉందన్నమాటండి" అన్నారు ఆయన.

నేను ఆయనను మొదట చూసింది మా అక్క పోయినప్పుడు. మేమిద్దరం పెళ్ళిళ్ళు చేసుకోలేదు. అక్క హైస్కూల్లో లెక్కలు చెప్పేది, నేను కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. రిటైరయ్యాక రాజమండ్రిలో ఈ ఇంట్లోనే ఉండిపోయాం. అక్కను సమాధి చేసి మేం తిరిగి వచ్చేసరికి ఆయన బాక్సు తుడిచి, వైరు చుట్టి, గుమ్మం పక్కన నిలబడి ఉన్నారు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటారు. ఎండలు మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా పెట్టిన గుండీలు. ముందు రోజు ఆయన చేసిన పని ఒకటి నా మనసులో ఉండిపోయింది. అక్కను చూడటానికి ఎవరైనా వస్తే, మూత ఎత్తే ముందు దాని మీద వేలి కణుపుతో రెండుసార్లు మెల్లగా తట్టేవారు, గది తలుపు తట్టినట్టు. ఎందుకలా అని అడిగాను.

"లోపల ఉన్నది మనిషే కదండీ. చెప్పకుండా ఎలా తీస్తామండి?"

కాఫీ ఇవ్వబోతే వద్దన్నారు. మంచినీళ్ళు ఇవ్వబోయాను.

"వద్దండి మేడమ్‌గారూ. ఇక్కడ ముట్టకూడదండి."

"మాది క్రైస్తవ కుటుంబం బాబూ. మైల పట్టింపులు మాకు లేవు" అన్నాను.

"నాకున్నాయండి."

అంటూనే నా వెనక ఉన్న బల్ల వైపు చూస్తున్నారు. అక్కడ గ్రీకు దేవతల గురించిన పాత పుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద గడ్డం ఉన్న రాజు, కాళ్ళ దగ్గర మూడు తలల కుక్క.

"ఈయన హేడిస్ కదండీ?"

నేను తల ఎత్తి చూశాను. కాలేజీలో ఏళ్ళ తరబడి ఆ పాతాళ రాజు పేరు చెబితే పరీక్ష అవ్వగానే మరచిపోయిన పిల్లలే నాకు గుర్తున్నారు. మీకెలా తెలుసు అన్నాను.

"రోజూ కనబడతాడండి. ఆటలో."

కోరుకొండ రోడ్డు మీద ఆయనకొక షెడ్డు ఉండేది. వెనక చిన్న ఇల్లు, ముందు షెడ్డులో బాక్సులు, ఒక వ్యాను, బల్ల మీద పాత లాప్‌టాప్. ఆ పనిలో ఎక్కువ భాగం ఫోను కోసం ఎదురుచూడటమే. ఎదురుచూస్తూ వీడియో గేములు ఆడేవారు. హేడిస్ ఉన్న ఆటలు రెండు ఆడారట. ఒకదాంట్లో హేడిస్ కొండంత రాక్షసుడు, చంపితే గాని ముందుకు వెళ్ళలేం. దాన్ని సగంలోనే తీసేశారు.

"ఏం చేశాడండి ఆయన? ఎవర్నైనా రమ్మని పిలిచాడా? వచ్చినోళ్ళని ఉంచుకున్నాడు. దానికి చంపెయ్యడమేంటండీ?"

రెండో ఆటలో పాతాళం నుంచి తప్పించుకుని పైకి రావాలి. దారిలో చచ్చిపోతే మళ్ళీ హేడిస్ కొలువులోనే లేస్తాం. అక్కడి వాళ్ళు పలకరిస్తారు, వేళాకోళమాడతారు, మళ్ళీ బయల్దేరాలి. ఆయనకు ఆట ఎంత బాగా వచ్చో నాకు తెలియదు. గెలవాలనే కోరిక మాత్రం లేదు. కావాలనే మొదటి గదుల్లో చచ్చిపోయి కొలువుకు తిరిగొచ్చేవారు.

"తిరిగొచ్చినప్పుడల్లా పలకరిస్తారండి అక్కడ. ఓడిపోయావేంటి, దెబ్బలు తగిలాయా అని. అది వినడానికండి. నేను మామూలుగా వెళ్ళే ఇళ్ళలో ఎవరు పలకరిస్తారండి నన్ను?"

అప్పటి నుంచి అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట మా ఇంటికి వచ్చేవారు. వ్యాను వీధి చివర ఆపి నడిచి వచ్చేవారు. అది ఎవరింటి ముందు ఆగినా ఎవరు పోయారోనని జనం చేరతారు. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు, వరండా మెట్టు మీద కూర్చునేవారు. ఇవాళ ఏం చెప్తారండి, అనేవారు. హేడిస్ గురించి పుస్తకాల్లో ఉన్నది తక్కువ. గుళ్ళు తక్కువ, కథలు తక్కువ. ఉన్నవే మార్చి మార్చి చెప్పాను.

ముగ్గురు అన్నదమ్ములు లోకాన్ని పంచుకోవడానికి చీట్లు వేస్తే ఒకడికి ఆకాశం, ఒకడికి సముద్రం, హేడిస్‌కు పాతాళం వచ్చాయని చెప్పిన రోజున ఆయన మోకాలి మీద చరుచుకున్నారు.

"మా ఇంట్లోనూ అంతేనండి! పెద్దన్నకి చేను, చిన్నన్నకి రొయ్యల చెరువు, నాకు షెడ్డు. ఆ చీట్లు ఎవరు రాశారో కూడా అడుగుదామండి ఆయన్ని."

తల మీద పెట్టుకుంటే మనిషి ఎవరికీ కనబడని టోపీ ఒకటి హేడిస్‌కు ఉందన్నాను. తనకు టోపీ అక్కర్లేదన్నారు. "వ్యాను చాలండి. వీధిలోకి తిప్పితే అందరూ మొహాలు అటు తిప్పేసుకుంటారు." మా చర్చిలో చదివే వాక్యాల్లో కూడా పాతాళం అన్న మాట వస్తుందిగాని అక్కడ పెత్తనం ఎవరిదో ఉండదన్నాను. దానికి మాత్రం ఆలోచనలో పడ్డారు. "ఎవరో ఒకరు చూసుకోకపోతే ఎలా జరుగుద్దండి?"

ఇక దానిమ్మ కథ. హేడిస్ పైలోకపు పిల్లను ఎత్తుకుపోతాడు. పంటలకు దేవత అయిన ఆమె తల్లి ఏడ్చి భూమిని ఎండగడుతుంది. పిల్లను తిరిగి పంపాలని తీర్పు వస్తుంది. కానీ అప్పటికే ఆ పిల్ల పాతాళంలో కొన్ని దానిమ్మ గింజలు తినేసింది. ఆ ఇంట్లో తిన్నవాళ్ళు ఆ ఇంటికి తిరిగి రావలసిందే. అందుకని ఏడాదిలో కొన్నాళ్ళు తల్లి దగ్గర, కొన్నాళ్ళు భర్త దగ్గర.

"అయితే నేను చేసేది కరెక్టేనండి" అన్నారు ఆయన.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఇంటివాళ్ళు బలవంతపెడితే అక్కడ భోంచేశారట. వారం తిరక్కుండా అదే ఇంటికి మళ్ళీ బాక్సు పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు ఈయనను చూసి, నువ్వు మళ్ళీ వచ్చావా నాయనా అని తలుపు పట్టుకుని కూలబడిందట. అప్పటి నుంచి ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చావు జరిగిన ఇల్లయినా, కాకపోయినా. బాక్సాయనకు పొగరని కొందరు, ఆ చేతులతో తినడానికి ఆయనకే రోతేమోనని కొందరు అనుకునేవారు. వాళ్ళెవరికీ ఆయన విప్పి చెప్పలేదు. నేను కథ చెప్పడంతో ఆ భయానికి ఒక దేశం, ఒక దేవుడు దొరికారు. కథలు మనిషికి ధైర్యం ఇస్తాయని క్లాసులో చెప్పేదాన్ని. ఆ రోజు తర్వాత ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

ఆ కథలో ఆయన మళ్ళీ మళ్ళీ అడిగింది తల్లి గురించి.

"చివరికి ఒప్పుకుందాండి ఆ తల్లి?"

"ఒప్పుకోలేదు. సర్దుకుంది."

"ఆయ్. అది కూడా చాలండి."

ఎందుకు అడుగుతున్నారో అప్పటికి నాకు తెలుసు. ఆయన భార్యది ద్రాక్షారామం. సంబంధం చూసినప్పుడు అబ్బాయి ఫ్రీజర్లు అద్దెకు ఇస్తాడని మధ్యవర్తి చెప్పాడు. పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీములకు అనుకున్నారు వాళ్ళు. కాపురానికి వచ్చిన పిల్ల షెడ్డు తలుపు తీసి చూసింది. ఆ పిల్ల భయపడలేదు, తల్లి భయపడింది. ఒంట్లో బాగోలేదని ఒకసారి, నోములని ఒకసారి కూతుర్ని తీసుకెళ్ళడం, నెలల తరబడి ఉంచేసుకోవడం. ఈసారి వెళ్ళిన మనిషిని ఇక పంపనని కబురు చేశారు. ఆయనకు కావలసింది ఒక్కటే, భార్య ఇంటికి రావడం.

"మీరొచ్చి ఒక మాట చెప్పండి మేడమ్‌గారూ. నేను చెప్తే అది బాక్సాయన మాట. మీరు చెప్తే వింటారండి."

ఒక సోమవారం ఇద్దరం బస్సులో మండపేట మీదుగా వెళ్ళాం. వ్యాను తెస్తానని ఆయన అనలేదు, నేను అడగలేదు. భీమేశ్వరుడి గుడి వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. ముందు గదిలో మంచం మీద ఆయన మామగారు పడుకుని ఉన్నారు. కిడ్నీలు చెడిపోయి అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చారు. అత్తగారు నాకు కుర్చీ వేశారు. నేను పని గురించి, ఎవరో ఒకరు చేయక తప్పదని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపేశారు.

"అది నేనెప్పుడో మింగేశానండి టీచరుగారూ. ఐస్‌క్రీములనుకున్నాం, కాదు. సరే. పని పనే. నా బాధ అది కాదు. ఈయనగారు ఈ ఇంటి అల్లుడై ఇన్నేళ్ళయింది, ఇంతవరకు నా చేతి ముద్ద ఎరగరు. వస్తారు, వాకిట్లో నించుంటారు, పోతారు. కంచం పెడితే కడుపు నిండిందంటారు. గ్లాసు ఇస్తే దాహం లేదంటారు. మా ఇంటి మంచినీళ్ళు అంత చేదాండి? మమ్మల్ని మనుషుల్లా చూడని ఇంటికి నా కూతుర్ని ఎలా పంపమంటారు?"

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. ఆ ఇంట్లో ఆయన ఏమని చెప్పగలరు? నేనిక్కడ తింటే బాక్సుతో మళ్ళీ ఇక్కడికే రావలసి వస్తుందేమోనని భయం అంటారా, మామగారు ఆ మంచం మీద నుంచి వింటుండగా?

ఆవిడ లోపలికి వెళ్ళి కంచం తెచ్చి ఆయన ముందు పెట్టారు. దద్దోజనం. సోమవారం కదా, భీమేశ్వరుడికి చేసింది. పైన దానిమ్మ గింజలు చల్లి ఉన్నాయి. పెరట్లో చెట్టుంది. ఆవిడకు గ్రీకు కథేమీ తెలియదు.

ఆయన నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా వంటింటి గుమ్మం దగ్గర నుంచి, "తినండి" అన్న మాట వినిపించింది. ఆయన భార్య. తన భయం ఆ ఇంట్లో ఆమెకు మాత్రమే చెప్పారు ఆయన. తెలిసే అంది ఆమె.

ఆయన కింద కూర్చున్నారు. చొక్కా చేతుల గుండీలు విప్పి పైకి మడిచారు. ఆ చేతులు నేను చూడటం అదే మొదలు. మణికట్టు నుంచి మోచేయి దాకా కాలి ముడుచుకున్న తెల్లటి చర్మం. వయసులో ఉండగా భీమవరం వైపు ఐస్ ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేసినప్పుడు అమ్మోనియా లీకై కాలిన మచ్చలని తర్వాత తెలిసింది. అత్తగారు ఆ చేతుల్ని చూశారు. ఆయన గింజలతో సహా అంతా తిన్నారు. ఆవిడ ఇంకో గరిటె వడ్డిస్తే అదీ తిన్నారు. సాయంత్రం బస్సులో ముగ్గురం వచ్చాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా కాలవ చూస్తూనే ఉంది.

వానలు మొదలవక ముందే మామగారు పోయారు. బాక్సు ఈయనే తీసుకెళ్ళారు. కొన్నాళ్ళ తర్వాత వచ్చి మా మెట్టు మీద కూర్చున్నారు.

"కిడ్నీలండి. డాక్టర్లు ముందే చెప్పేశారండి. తెలుసు. అయినా తిన్నాను కదండీ."

"అది కథ బాబూ. ఎవరో ఎక్కడో కల్పించుకున్నది."

"ఆయ్, కథేనండి."

ఒప్పుకుని కాదు, నా మాట కాదనలేక అన్నారు. ఆయన భార్య ఆ 'తినండి' గురించి ఎప్పుడూ ఎత్తలేదట. ఆయనా ఎత్తలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు ఆ మాటను పక్కన పెట్టుకుని ఎలా అన్నాలు తిన్నారో నాకు తెలియదు.

ఒంటరిగా ఉండలేక అత్తగారు ద్రాక్షారామం వదిలి కూతురి దగ్గరికే వచ్చేశారు. ఒకప్పుడు ఆ బాక్సులంటే భయపడిన ఆవిడే ఆ షెడ్డులో కుర్చీ వేసుకుని ఫోను ఎత్తేవారు. "చెప్పండి. ఏ వీధండి? అన్నయ్యగారి వయసెంతండి? అయ్యో. పంపిస్తున్నానండి." ఆవిడ గొంతు అటువైపు వాళ్ళకు ఊరటగా ఉండేదని చాలామంది చెప్పారు. మధ్యాహ్నాలు అల్లుడి వెనక కూర్చుని ఆట చూసేవారు. నేను వెళ్ళినప్పుడు ఒకసారి విన్నాను.

"ఆ గడ్డపాయన మాట దురుసుగాని మనిషి మంచోడే. ఒక్కటే నచ్చలేదు నాకు. అంత కొలువుంది, అంతమంది వస్తున్నారు, ఒక్కడికీ ఇంత అన్నం పెట్టడేంటండి?"

"పెడితే ఎవరూ పైకి వెళ్ళలేరు అత్తయ్యగారూ. పెట్టకపోవడమే ఆయన మంచితనమండి."

"ఏం మంచితనమో! మా వైపైతే నాలుగు మాటలనేవాళ్ళు."

ఆయన పెద్దగా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను ఆ షెడ్డులోనే చూశాను, బయట చూడలేదు.

మా ఇంట్లో మాత్రం చివరిదాకా ఏమీ ముట్టలేదు. నేను ఒక్కదాన్నే మిగిలానని, ఆయన వచ్చేది నా కోసమేనని ఇద్దరికీ తెలుసు. ఒకరోజు విసుగొచ్చి, "నేను పోయేదాకా నా చేతి కాఫీ తాగరా?" అన్నాను.

"మీరు పోయినప్పుడు ఎలాగూ వస్తానండి, ఎవరూ పిలవకపోయినా. దానికి కాఫీ ఎందుకండి ముందే?"

ఆ మాట నాకు ధైర్యంగా ఉండేది. వెనక ఎవరూ లేనిదాన్ని. మూత మీద రెండుసార్లు తట్టే మనిషి ఒకరు వస్తారని అనుకున్నాను.

కిందటేడు ఎండాకాలంలో ఒక ఇంటి మెట్లు ఎక్కుతూ బాక్సు దించి కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. మిగతా బాక్సులన్నీ అప్పటికే వేరే ఇళ్ళలో ఉన్నాయి. ఆయన కోసం ఎదురుచూస్తున్న ఆ ఇంటివాళ్ళు, పాపం, ఆ బాక్సు ఆయనకే వాడమని ఫోను చేశారు. అత్తగారు ఒప్పుకోలేదు.

"అది మీకోసం తెచ్చింది బాబూ. ఆయన తెచ్చినది వెనక్కి తేకూడదు. మీరే ఉంచుకోండి."

ఆయనను వ్యానులో ఇంటికి తెచ్చి, పాతకాలంలో చేసినట్టు ఊకలో పెట్టిన ఐసు దిమ్మల మధ్య పడుకోబెట్టారు. నేను ఫ్లాస్కు పట్టుకెళ్ళాను. ఆయన భార్య గోడకు ఆనుకుని ఆ చేతులనే చూస్తూ ఉంది. ఎవరో చొక్కా చేతులు పైకి మడిచి ఉంచారు. ఆమె వాటిని కిందికి దించి గుండీలు పెట్టింది. అంతలో బల్ల మీద ఫోను మోగింది. అత్తగారు అలవాటుగా ఎత్తారు.

"చెప్పండి. ఏ వీధండి?"

అటువైపు వాళ్ళు చెప్పేదంతా విన్నారు. "బాక్సులు లేవండి ఇవాళ. ఏమీ అనుకోకండి" అని పెట్టేశారు. తర్వాత నా ఫ్లాస్కులోంచే ఒక గ్లాసు పోసి నాకు ఇచ్చారు. "తాగండి టీచరుగారూ. మీరైనా వస్తూ ఉండాలి." తాగాను.

కానీ వెళ్ళడానికి అక్కడ ఎవరూ లేరు. బాక్సులూ వ్యానూ ఒక కంపెనీవాళ్ళు తీసుకున్నారు. తల్లీ కూతుళ్ళు ద్రాక్షారామం వెళ్ళిపోయారు. షెడ్డులో ఇప్పుడు మోటార్లు బాగుచేస్తున్నారు. లాప్‌టాప్ ఆమె దగ్గరే ఉంది. తెరిస్తే ఆట ఆ కొలువులోనే ఆగి ఉంటుందని, ముందుకు నడపడం తనకు రాదని ఫోనులో చెప్పింది.

బుధవారం నేను ఆ ఇద్దరినీ గమనించాను. మర్యాదగా పని చేశారు. చూడటానికి బంధువులు వస్తే మూత చటుక్కున ఎత్తారు. నేను ఫ్లాస్కు మూత తిప్పుతుండగానే చేతులు చాచారు. బాక్సు తెచ్చినవాళ్ళు చావు ఇంట్లో కాఫీ వద్దనడం ఇప్పుడు లేదు.